మానేసిన పండుగ చోట ఏం పెట్టాం?

భాద్రపద అమావాస్య వచ్చిందంటే బడి నుంచి బజారు దాకా ఒకటే సందడి. ఎంగిలిపూల బతుకమ్మ, సద్దుల బతుకమ్మ, దసరా, జమ్మి, దీపావళి, కార్తీక దీపాలు. కార్తీక పున్నమి దాకా నెలన్నర పాటు ఊరు ఊరంతా పండుగలోనే ఉంటుంది. మధ్యలో పిల్లలకు దసరా సెలవులు. ఇన్ని రోజుల్లో బౌద్ధ ఇంట్లో పెరిగే పిల్లలు మన నోట వినే మాట ఒక్కటే: "మనం చెయ్యం." బతుకమ్మ పేర్చం. బొమ్మల కొలువు పెట్టం. బండికి నిమ్మకాయలు కట్టం. సరే. "మరి మనం ఏం చేస్తాం నాన్నా?" అని అడిగితే మాత్రం మన దగ్గర జవాబు ఉండదు. ఫోను చేతికిచ్చి కూర్చోబెడతాం.

ఉపాసక ఉపాసికలారా, మన కోపం అంతా పక్కింటి పండుగ మీద చూపిస్తున్నాం. చూపించాల్సింది మన ఇంటి ఖాళీ మీద. దున్ని, విత్తనం వెయ్యకుండా వదిలేసిన చేనులో కలుపే మొలుస్తుంది. పండుగ మాన్పించి ఆ చోట ఏమీ పెట్టని తల్లిదండ్రులు పిల్లలకు ధమ్మం ఇవ్వలేదు, కరువు ఇచ్చారు. ఆ కరువులో పెరిగినవాళ్లే రేపు పెళ్లి వేళకు పంచాంగం వెతుక్కుంటారు. అప్పుడు "పిల్లలు మాట వినలేదు" అని మనం సభల్లో బాధపడతాం.

ఈ రోజుల్లో మన ఇళ్లు మూడు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది పైన చెప్పిన నిషేధాల ఇల్లు. రెండోది "పిల్లలు కదా, నొచ్చుకుంటారు, ఒక్క రోజే కదా" అనే ఇల్లు. గౌరినీ గణపతినీ పూజించనని 22 ప్రతిజ్ఞల్లో మూడోది చెబుతుంది. ఆ ప్రతిజ్ఞ చదివిన నోటితోనే పిల్ల కోసమని గౌరమ్మను నిలబెడతారు. మూడోది పటం మార్చిన ఇల్లు. దేవుడి పటం తీసేసి బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం పెట్టారు. కొబ్బరికాయ అదే, హారతి అదే, "దండం పెట్టుకో, మార్కులు బాగా వస్తాయి" అన్న మాట కూడా అదే. మొదటి ఇంట్లో పిల్లవాడికి విసుగు, రెండో ఇంట్లో అయోమయం, మూడో ఇంట్లో పాత భయమే కొత్త చట్రంలో. ఈ మూడింటిలో ఎక్కడా వాడికి ధమ్మం ఎదురుపడదు.

పండుగల సంగతి ధమ్మంలో కొత్త చర్చేమీ కాదు. కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గరలో, ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. అందులో తొమ్మిదోది ఈ విషయం మీదే. జబ్బు చేసినా, పెళ్లయినా, బిడ్డ పుట్టినా, ప్రయాణం కట్టినా జనం రకరకాల మంగళాలు చేస్తారు, వాటి ఫలం స్వల్పం అంటాడు అశోకుడు. అక్కడితో ఆగిపోయి ఉంటే అది మన ఇళ్లలోని నిషేధంలాగే మిగిలేది. ఆయన ఆగలేదు. ధమ్మ మంగళం అని ఒకటుంది, అది చెయ్యండి అన్నాడు. దాసుల పట్ల, పనివాళ్ల పట్ల సరైన నడవడి, గురువుల పట్ల గౌరవం, ప్రాణుల పట్ల సంయమనం, దానం, ఇదీ ఆయన చెప్పిన మంగళం. వద్దన్న ప్రతిచోటా ఆయన ఒక పని చూపించాడు. మనం ఆ మొదటి సగం పట్టుకుని రెండో సగం బండ మీదే వదిలేశాం.

"మాకు టైమెక్కడిది? ఇద్దరం పనికి పోతాం" అని ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. మన పక్క వాటాలో ఉండే అమ్మ కూడా పనికే పోతుంది. ఆమె తెల్లవారకముందే లేచి గునుగు పూలకు రంగులద్దుతుంది. ఆమెకు దొరికిన గంట మనకు దొరకలేదంటే లోటు గడియారంలో లేదు. పైగా ఈ కాలపు ధమ్మ ఆచారం పుట్టిందే పనిచేసేవాళ్ల ఫిర్యాదు నుంచి. వానల్లో కూడా భిక్షువులు తిరుగుతూ పచ్చటి మొలకలనూ చిన్న ప్రాణులనూ తొక్కుతున్నారని జనం మొరపెట్టుకుంటే, మూడు నెలలు ఒకచోట ఉండమని బుద్ధుడు వర్షావాసం ఏర్పరిచాడు. ఆషాఢ పున్నమికి మొదలై ఆశ్వయుజ పున్నమికి అది ముగుస్తుంది. అంటే దసరా వెళ్లిన ఐదు రోజులకే మన పండుగ ఉంది. దాని పేరు పవారణ. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? మనలో ఎంతమందికి తెలుసు?

పవారణ నాడు భిక్షువులు ఒకరినొకరు అడుగుతారు: ఈ మూడు నెలల్లో నాలో మీరు చూసిన తప్పు, విన్న తప్పు, అనుమానించిన తప్పు ఏదైనా ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటాను. అడగడం పెద్ద భిక్షువుతో మొదలవుతుంది, చిన్నవాడితో కాదు. సావత్థిలో, మిగారమాత ప్రాసాదంలో, ఐదు వందల మంది భిక్షువుల మధ్య కూర్చుని స్వయంగా బుద్ధుడే, తన చేతలో గానీ మాటలో గానీ తప్పు పట్టాల్సిందేమైనా ఉందా అని అడిగాడని సంయుత్త నికాయం చెబుతుంది.

దీన్ని ఇంటికి తెచ్చుకుందాం. ఆశ్వయుజ పున్నమి సాయంత్రం, అన్నం తిన్నాక, అరగంట. ఖర్చు లేదు, సెలవు అక్కర్లేదు. ముందు తండ్రి అడగాలి, తర్వాత తల్లి, ఆఖరున పిల్లలు. "నాలో ఏం తప్పు చూశావు, చెప్పు బిడ్డా." ఊరంతా పిల్లల చేత పెద్దల కాళ్లు మొక్కిస్తున్న రోజుల్లో, మన ఇంట్లో పెద్దవాడు పిల్ల ముందు కూర్చుని ఆ మాట అడిగితే, ఆ పిల్ల దాన్ని జన్మలో మరిచిపోదు. సమానత్వం అన్న మాటను వంద సభల్లో విన్నా రాని అర్థం ఆ అరగంటలో వస్తుంది.

అక్కడ మొదట ఏం వినాల్సి వస్తుందో కూడా మనకు తెలుసు. అందుకే వెనకాడుతున్నాం. దసరా నాడు పూజ మానేశామని గర్వంగా చెప్పుకునే మగవాళ్లు చాలామంది సీసా మానలేదు. పంచశీలలో ఐదోది మత్తుకు దూరంగా ఉండమంటుంది. మద్యం తాగనన్న మాట 22 ప్రతిజ్ఞల్లోనూ ఉంది. గౌరమ్మను ఇంట్లోకి రానివ్వని తండ్రి ఆ రాత్రి తూలుతూ వస్తే, పిల్లవాడు లెక్కలు సరిగ్గానే వేస్తాడు: ధమ్మం అంటే అమ్మకు ఇష్టమైనవి మాన్పించడం, నాన్నకు ఇష్టమైనవి ఉంచడం. ప్రతిజ్ఞలను ఆడవాళ్ల పండుగల మీద అమలుచేసి మగవాళ్ల పండుగ మీద మాఫీ చేసే ఇంటికి పవారణ కంటే మంచి మందు లేదు.

పూల సంగతికి వద్దాం. ఈ గొడవ ముఖ్యంగా ఆడపిల్లలతో వస్తుంది. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు గౌరమ్మ సొత్తని ఎవరు రాసిచ్చారు? అవి చేనుగట్టువి. అమరావతి పలకల మీద స్తూపాలకు ఎంతెంత పూలదండలు చెక్కారో చూడండి. పిల్లను వెంటబెట్టుకుని గట్టు మీదికి పోండి. ఏ పువ్వు ఏ నేలలో పూస్తుందో ఆమెకు చూపించండి. తెచ్చిన పూలు వందనలో పెట్టండి. మూడో రోజు అవి వాడిపోతాయి. తీసి పారేసే ముందు పిల్ల చేతికే ఇచ్చి, నిన్నటి రంగు ఏమైందో అడగండి. అనిత్యం గురించి అంతకంటే పెద్ద పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

పిల్లలకు మనం చెప్పే చరిత్ర కూడా నిజమై ఉండాలి. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు విజయదశమి నాడే ధమ్మం స్వీకరించాడని, దీపావళి దీపాలు ఆయన స్తూపాల కోసం వెలిగించినవేనని మన వేదికల మీద ధీమాగా చెబుతున్నారు. అశోకుడి శాసనాల్లో విజయదశమి తిథి లేదు, దీపావళి ఊసూ లేదు. ఉన్నదేమిటో పదమూడో శాసనం చెబుతుంది: లక్షమంది చంపబడ్డారు, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారు, అది చేసిన రాజే పశ్చాత్తాపపడ్డాడు. గెలిచిన రాజు తన గెలుపుకు సిగ్గుపడి బండ మీద చెక్కించుకున్న దేశం మనది. దీనికి తిథి అతికించాల్సిన అవసరం ఏముంది? విన్నామని, పరంపరగా వస్తోందని దేన్నీ నమ్మవద్దని కాలాములకు బుద్ధుడు చెప్పిన మాట మన కథలకు కూడా వర్తిస్తుంది. పక్కవాడి పురాణాన్ని ప్రశ్నించే పిల్లవాడు రేపు మన పురాణాన్నీ ప్రశ్నిస్తాడు. అప్పుడు మన చేతిలో ఆధారం లేకపోతే ధమ్మం మొత్తాన్నీ దానితో పాటే పక్కన పెడతాడు.

తేదీ ఉన్న పండుగ మనకు ఉంది. 1956 అక్టోబరు 14, ఆదివారం, ఆ ఏటి విజయదశమి. నాగపూర్‌లో చంద్రమణి మహాస్థవిరుల వద్ద బాబాసాహెబ్ త్రిశరణ పంచశీలాలు స్వీకరించి, తర్వాత తానే లక్షలాది జనానికి దీక్ష ఇచ్చారు. దానికి సాక్షులున్నారు, ఫొటోలున్నాయి, మరుసటి రోజు ఆయన చేసిన ప్రసంగం ఉంది. అక్టోబరు 14న చెయ్యాలా, విజయదశమి నాడు చెయ్యాలా అని సంఘాల్లో వాదులాట ఎందుకు? పనికి పోయే కుటుంబానికి ఏ రోజు సెలవు దొరికితే ఆ రోజు చెయ్యండి. తెల్లబట్టలు కట్టుకోండి. 22 ప్రతిజ్ఞలు గబగబా అప్పజెప్పించకండి. ఒక్కటి తీసుకుని, ఇది ఎందుకు పెట్టారని పిల్లల్ని అడగండి. కొన్ని దశావతారాల వరసల్లో బుద్ధుడి బొమ్మ కూడా ఉంటుంది కదా, మరి బుద్ధుడు విష్ణువు అవతారం కాదని ఐదో ప్రతిజ్ఞ ఎందుకు చెప్పింది? ఈ ఒక్క ప్రశ్నతో ఒక సాయంత్రం గడుస్తుంది.

సెలవుల్లో ఒక్క రోజు బస్సెక్కండి. నాగపూర్ పోలేకపోతే బాధ లేదు. శ్రీకాకుళం వాళ్లకు శాలిహుండం, విశాఖ వాళ్లకు తొట్లకొండ, బావికొండ, అనకాపల్లి వాళ్లకు బొజ్జన్నకొండ, గుంటూరు వాళ్లకు అమరావతి, భట్టిప్రోలు, సూర్యాపేట వాళ్లకు ఫణిగిరి, ఖమ్మం వాళ్లకు నేలకొండపల్లి, పెద్దపల్లి వాళ్లకు ధూళికట్ట ఉన్నాయి. సీమ వాళ్లకు ఎర్రగుడి ఉంది. అక్కడ ఒక చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎద్దు నాగలి తిప్పినట్టు ఒకటి ఇటు నుంచి, ఇంకొకటి అటు నుంచి నడుస్తాయి. పిల్లలు దాన్ని వేలితో గాలిలో రాసి చూసుకుంటారు. అమరావతి పోతే అక్కడి స్తూపానికి దానమిచ్చిన విధికుడి కథ చెప్పండి. శాసనం ఆయన్ను చమ్మకారుడంటుంది, అంటే తోలుపని చేసేవాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానం చేసి ఆ సంగతి రాయించుకున్నాడు. రోజంతా తోలు మీద పనిచేసిన ఆ కుటుంబానికి తీరిక దొరికింది. వాళ్ల పిల్లలు ఆ దానంలో భాగమయ్యారు. "మనకు చరిత్ర లేదు" అని బడిలో వినే మన పిల్లలకు ఆ పలక కంటే పెద్ద జవాబు ఏముంది?

దానమంటే గుర్తొచ్చింది. ఆశ్వయుజ పున్నమి నుంచి కార్తీక పున్నమి దాకా కఠిన చీవర దానం నెల. ఆ రోజు బట్టను కోసి, కుట్టి, రంగు వేసి ఒక్క రోజులో చీవరం సిద్ధం చెయ్యాలి. మగధ వరిమళ్లు గట్లతో ఉన్నట్టుగా చీవరం కుట్టమని బుద్ధుడంటే ఆనందుడు అలా కత్తిరించి చూపించాడు. విహారం దగ్గరుంటే పిల్లల్ని తీసుకెళ్లి ఆ కుట్టు చూపించండి, బస్సు కిటికీలోంచి వరిమళ్లు చూపించి పోల్చుకోమనండి. విహారం లేని ఊళ్లో సాంఘిక సంక్షేమ హాస్టలు ఉంటుంది. చలికి ముందే నాలుగు దుప్పట్లు, పిల్లలే మోసుకెళ్లి ఇవ్వాలి. పటాసుల డబ్బు దానికి సరిపోతుంది.

ఇక బడి. సెలవులకు ముందు పూజ పెట్టి, పిల్లలందరినీ కూర్చోబెట్టే బడులు ఉన్నాయి. మనం గొణుక్కుంటామే గానీ కాగితం రాయం. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న విద్యాసంస్థలో చదివేవారిని, మైనర్లయితే సంరక్షకుల అంగీకారం లేకుండా, మతబోధకో ఆరాధనకో హాజరుకమ్మని నిర్బంధించరాదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. ఒక పేజీ ఉత్తరం చాలు, మర్యాదగా. మన భయం వేరే చోట ఉంది: బౌద్ధులమని చెబితే సర్టిఫికెట్ పోతుందని. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వును 1990లో సవరించి బౌద్ధులకూ ఆ హోదా వర్తింపజేశారు. ఆ సవరణ వచ్చి మూడు దశాబ్దాలు దాటినా, "బడిలో చెప్పకు" అని పిల్లల చెవిలో ఊదుతూనే ఉన్నాం. ఇంట్లో ప్రతిజ్ఞ, బయట రహస్యం. దాచుకోవాల్సిన దాన్ని ఏ పిల్లవాడూ గౌరవించడు.

ఒక లెక్క వేద్దాం. దీక్షా దినానికి ఒక సాయంత్రం, ప్రయాణానికి ఒక రోజు, పవారణకు అరగంట, దానానికి ఒక పూట. మొత్తం కలిపినా రెండు రోజులు దాటదు. నెలన్నరలో రెండు రోజులు ఇవ్వలేని ఇల్లు "మేము బౌద్ధులం" అని గోడ మీద రాసుకోవడం దేనికి?

వచ్చే ఏడు భాద్రపద అమావాస్యకు మీ పిల్ల మళ్లీ అడుగుతుంది: "మనం ఏం చేస్తాం?" అప్పటికి ఆ ప్రశ్నకు ఆమే జవాబు చెప్పగలగాలి, పక్కింటి పిల్లకు కూడా. ఈ పున్నమికే మొదలుపెట్టండి.

జై భీమ్. నమో బుద్ధాయ.