చదవడం కష్టమైన పాఠకుడికి గ్రంథాలయంలో చోటేది?

గ్రంథాలయం, వైకల్యం అన్న రెండు మాటలు కలిపి వినగానే మనకు గుర్తొచ్చేవి గుమ్మం దగ్గర ర్యాంపు, ఒక మూల బ్రెయిలీ పుస్తకాల బీరువా. రెండూ అవసరమే. కానీ మెట్లు ఎక్కగలిగి, కళ్లు బాగా కనిపించి, ఎదురుగా ఉన్న పేజీని మాత్రం చదవలేని పాఠకుడి సంగతేమిటి? డిస్లెక్సియా ఉన్న పదో తరగతి విద్యార్థి, మేధో వైకల్యం ఉన్న యువతి, ఆటిజం ఉన్న పిల్లవాడు మన పౌర గ్రంథాలయానికి వస్తే వారికిచ్చేందుకు అక్కడ దాదాపు ఏమీ ఉండదు. దీన్ని దయతో చేసే సేవగా కాక, హక్కుగా చూడాలి.

చట్టం ఎంతవరకు వచ్చింది?

1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ఆ సంఖ్యను 21కి పెంచింది. నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు, ఆటిజం అప్పుడే జాబితాలో చేరాయి. సెక్షన్ 34 ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న 4 శాతం రిజర్వేషన్‌లో వీరికీ వాటా ఉంది. అంటే ఉద్యోగానికి రమ్మని పిలిచాం, అక్కడికి చేర్చే చదువుకు మాత్రం సరైన దారి వేయలేదు. సెక్షన్ 31 ఇచ్చే ఉచిత విద్య హక్కు 18 ఏళ్లతో ముగుస్తుంది. ఆ తర్వాత వయసుతో, మార్కులతో పని లేకుండా చదువుకోగల ప్రభుత్వ స్థలం గ్రంథాలయమే.

కాపీరైట్ కూడా అడ్డంకి కాదు. 2012 సవరణతో, వైకల్యం ఉన్నవారి కోసం లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని వారికి అనువైన రూపంలోకి మార్చుకోవచ్చు. మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే. 2016లో మొదలైన ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ముద్రిత అక్షరం చదవలేని వారందరి కోసం ఉద్దేశించినది.

లోపం ఎక్కడుంది?

మొదటిది, లెక్క. 2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులున్నారని చెప్పింది. ఆ పట్టికలో అభ్యసన వైకల్యానికి ప్రత్యేక గడి లేదు. లెక్కలో లేనివారికి బడ్జెట్‌లో పద్దు దొరకడం కష్టం.

రెండోది, నిధులు. గ్రంథాలయాలు రాష్ట్ర జాబితాలోని అంశం. తెలుగు రాష్ట్రాల్లో ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సరిగా జమ చేయడం లేదన్నది ఏళ్లనాటి ఫిర్యాదు.

మూడోది మన గురించే. జిల్లా గ్రంథాలయాల్లో ఇవాళ ఎక్కువ కుర్చీలు పోటీ పరీక్షల అభ్యర్థులవే. మనకు నిశ్శబ్దం కావాలి. పైకి చదివితే తప్ప అర్థం కాని పిల్లవాడికి, కాసేపు అటూ ఇటూ తిరిగితే తప్ప కూర్చోలేని యువకుడికి ఆ నిశ్శబ్దమే గోడ. గ్రంథాలయం అందరిదీ అయినప్పుడు దాని నియమాలు ఒక్క వర్గానికే సరిపోయేలా ఉండటం న్యాయం కాదు.

ఒక అభ్యంతరం

‘ఇది ప్రత్యేక పాఠశాలల పని, గ్రంథాలయానిది కాదు’ అనేవారున్నారు. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు సహేతుక సర్దుబాటును సమానత్వంలో భాగంగానే చూసింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో, సుగమ్యతా ప్రమాణాలు కేవలం సిఫార్సులుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలు ఉండాలని తేల్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికల్లో ఒకటి హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం ఇచ్చింది. వేరే చోటికి పంపేయడం సమానత్వం కాదన్నదే వీటి సారం.

ఏం చేయవచ్చు?

ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. పిల్లల విభాగంలో ఒక అర కేటాయించి పెద్ద అక్షరాలు, తేలిక వాక్యాలు, బొమ్మలున్న పుస్తకాలు పెట్టవచ్చు. స్వీడన్‌లో ఇలాంటి అరకు యాపిల్ గుర్తు పెడతారు, పిల్లలు దాన్ని చూసే వెతుక్కుంటారు. తెలుగులో ఒత్తులు పంక్తి కిందికి దిగుతాయి కాబట్టి పంక్తుల మధ్య ఎడం పెంచడం మనకు మరీ ముఖ్యం. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో స్థాయిల వారీగా తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, అచ్చు వేసుకోవచ్చు కూడా. వినే పుస్తకాలకు ఒక కంప్యూటర్, రెండు హెడ్‌ఫోన్లు చాలు. పైకి చదువుకోవడానికి వారంలో కొన్ని గంటలు కేటాయించాలి. పుస్తకం గడువు దాటితే జరిమానా విషయంలో పట్టువిడుపు ఉండాలి. అన్నిటికంటే ముందు గ్రంథపాలకులకు శిక్షణ ఇవ్వాలి. మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది, దాని సాయం తీసుకోవచ్చు. అభ్యసన వైకల్యం, మేధో వైకల్యం ఒకటి కావని గ్రంథపాలకుడికి తెలిస్తేనే ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో తెలుస్తుంది.

1931లో రంగనాథన్ చెప్పిన సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలన్నది ఒకటి. ఆ మాటను తెలుగునాట గ్రంథాలయోద్యమం చేసి చూపింది. 1935లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు ఊరూరికీ వెళ్లాయి. రాలేని పాఠకుడి దగ్గరికి పుస్తకమే వెళ్లింది. ఇవాళ మన ముందున్న దూరం అంతకంటే తక్కువ. పాఠకుడు గుమ్మం దాకా వచ్చేశాడు, అతను చదవగలిగే రూపంలో పుస్తకం ఉంటే చాలు.

సాధన ప్రశ్న: “సుగమ్యత అంటే భవనంలోకి ప్రవేశం మాత్రమే కాదు, సమాచారంలోకి ప్రవేశం కూడా.” పౌర గ్రంథాలయాలను ఉదాహరణగా తీసుకుని చర్చించండి. (250 పదాలు)