మబ్బుతో రొట్టె చేసింది!

వాన కురుస్తున్న ఉదయం. చెట్టుకొమ్మకు చిక్కుకున్న మబ్బుతునకను పిల్లిపిల్లలిద్దరు ఇంటికి తెస్తారు. అమ్మ దాంట్లో పాలు, ఈస్టు, ఉప్పు, పంచదార కలిపి రొట్టెలు కాలుస్తుంది. తిన్నవాళ్లు తిన్నట్టే గాల్లోకి తేలిపోతారు! టిఫిన్ మానేసి ఆఫీసుకు పరిగెత్తిన నాన్నకీ ఓ రొట్టె అందుతుంది. ఇంకేముంది... ట్రాఫిక్ జామ్ మీదుగా ఎగిరి ఆఫీసులో దిగుతాడు.

2004లో వచ్చిన ఈ 'క్లౌడ్ బ్రెడ్' దక్షిణ కొరియా పిల్లల్ని ఊపేసింది. టీవీ కార్టూన్ అయింది, సంగీత నాటకమైంది. సృష్టికర్త బేక్ హీనాకు ముట్టింది మాత్రం మొత్తం కోటీ 85 లక్షల వన్‌లు. మన డబ్బుల్లో పదకొండు, పన్నెండు లక్షలు! కొత్త రచయిత్రి కదా, హక్కులన్నీ ప్రచురణకర్తకే అన్న ఒప్పందం మీద సంతకం పెట్టేసింది.

1971లో సోల్‌లో పుట్టిన హీనా అమెరికాలో యానిమేషన్ చదివింది. అందుకేనేమో ఆమె పుస్తకం సినిమా సెట్టులా తయారవుతుంది. కాగితంతోనో మట్టితోనో పాత్రల్ని చేస్తుంది. బుల్లి గదులు కడుతుంది. వాటిలో సోఫాలు, గిన్నెలు సర్దుతుంది. లైట్లు పెట్టి ఫొటోలు తీస్తుంది. కాగితపు పిల్లి వెనక నిజమైన నీడ పడేది అందుకే.

2010లో సొంత ప్రచురణగా తెచ్చిన 'మూన్ షర్బెట్' కథ మన వేసవి రాత్రుల్లాంటిదే. అపార్టుమెంటులో అందరూ ఏసీలు వేసుకుంటే ఉక్కకు చందమామ కరిగి కారుతుంటుంది. ఓ బామ్మ ఆ చుక్కల్ని బేసిన్లో పట్టి ఐస్ చేస్తుంది. కరెంటు పోయాక ఇరుగుపొరుగుకు పంచుతుంది.

తొలి పుస్తకం హక్కుల కోసం హీనా కోర్టుకెక్కింది. 2019లో ఓడింది, అప్పీలులోనూ ఓడింది. 2020 మార్చి 31న స్వీడన్ నుంచి కబురు... ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ స్మారక పురస్కారం! కొరియాకు అదే మొదటిసారి. బహుమతి 50 లక్షల క్రోనార్లు. మూడు నెలలు తిరక్కుండానే సుప్రీంకోర్టూ ఆమెకు వ్యతిరేకంగానే తేల్చింది. ప్రపంచం మెచ్చిన బొమ్మ మీద గీసినామెకే హక్కు లేదు! ఆమె గోడు మాత్రం వృథా పోలేదు. హక్కులన్నీ గంపగుత్తగా రాయించుకునే షరతుల్ని సవరించమని అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2014లోనే ప్రచురణ సంస్థల్ని ఆదేశించింది.

ఒంటరిగా గోళీలాడే పిల్లాడి కథ 'మ్యాజిక్ క్యాండీస్' 2017 నాటిది. గోళీల్లాంటి బిళ్లలు చప్పరిస్తే సోఫా గోడు, ముసలి కుక్క మాట, ఎప్పుడూ సణిగే నాన్న మనసులోని ప్రేమ వినిపిస్తాయి. ఆఖరి బిళ్ల మాట్లాడదు. దాంతో వాడే నోరు తెరిచి, ఆడుకుందామా అని అడుగుతాడు. జపాన్‌లోని టోయీ యానిమేషన్ దాన్ని లఘుచిత్రంగా తీస్తే 2025లో ఆస్కార్ నామినేషన్ దక్కింది.