వెండితెరపై రాయలసీమ

గడచిన శని, ఆదివారములలో బేతంచెర్లయందే యుండి నాలుగు చిత్రములు చూచితిమి. రెండు పాతవి, రెండు క్రొత్తవి. పాతవానిని తీసినవారు సీమవారు. క్రొత్తవి సీమనుగూర్చి తీయబడినవి. ఈ రెంటికిని గల అంతరమెంతయో వరుసగా చూచినగాని తెలియదు.

మొదటిది తాడిపత్రివారగు కె. వి. రెడ్డిగారి 'యోగి వేమన' (1947). భోగలాలసత, బంగారము చేయు విద్యకై పాకులాట, అన్నబిడ్డ మరణము, పిదప విరక్తి. బిడ్డ పోయిన తరువాత చిత్తూరు వి. నాగయ్యగారి ముఖమున మాటలకంటె మౌనమే యెక్కువ పలికినది. నడక నిదానము, నేటి యువకులకు విసుగు పుట్టిన పుట్టవచ్చును. మాకు మాత్రము పుట్టలేదు.

కడప జిల్లా పులివెందుల ప్రాంతమువారగు బి. ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' (1951) రెండవది. ఇందు నాయకుడు రాజు కాడు, శిల్పి. నాపరాళ్ళకు పేరుపడిన ఈ యూరివారికి ఉలిచప్పుడు క్రొత్త కాదు గనుక నాగరాజు మా పొరుగింటివానివలెనే తోచినాడు. వానలో తలదాచుకొన్నచోట, మారువేషమున నున్న రాయలవారిని ఆ పిల్లవాడు వేళాకోళమునకు పల్లకి పంపుమనును. ఆ పల్లకి నిజముగనే మల్లి గుమ్మమున దిగును. పరిహాసముగా నన్న మాట యొకటి రెండు జీవితములను విడదీసినది! ఇంతటి కథకు ఒక్క కత్తిపోటైనను అవసరము కాలేదు. భానుమతిగారి పాట, రాజేశ్వరరావుగారి స్వరము, కృష్ణశాస్త్రిగారి మాట ఒకదానితో నొకటి పోటీపడక కలిసిపోయినవి. తుదకు ప్రభువు క్షమించుట మాత్రము కొంత సులువుగా జరిగినదని మా అభిప్రాయము.

ఆదివారమునాడు 'సమరసింహారెడ్డి' (1999). దీనిగూర్చి వ్రాయవలసినది కొంచెమే. బాలకృష్ణగారి గర్జనకు జనము ఈలలు వేసిరి, ధనము కురిసినది, ఆపై అదే మూసలో ఎన్నియో పోతపోయబడినవి. ముఠాకక్షలు లేవని మేమనము. కర్నూలు, కడప జిల్లాలలో వానివలన ఎన్ని గడపలు పాడుపడినవో ఇచ్చటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. కాని సీమయనగా వేటకొడవలి, నాటుబాంబు, దుమ్ము లేపుచు పోవు సుమోబండ్లు, ఇంతియేనా? వానకై చూచు వేరుసెనగ రైతేడి? ఎండిన బోరుబావి యేది? ఉద్యోగమునకై నగరమునకు పోయిన పిల్లవాడు తన జిల్లా పేరు చెప్పగనే, 'బాంబులు తెచ్చితివా?' యని తోడివారు నవ్వుదురు. ఆ నవ్వు ఈ చిత్రములు పెట్టిన భిక్షయే.

త్రివిక్రమ్‌గారి 'అరవింద సమేత' (2018) కొంత ఊరట నిచ్చినది. ఇందలి పగకు మూలము పేకాటలోని అయిదు రూపాయల తగవు! ఆ అల్పత్వమును బయటపెట్టుట దర్శకుని సాహసము. మగవారు నరుకుకొనుచుండ మిగిలిపోయిన ఆడువారి మాటకు ఇందు విలువ దక్కినది. తుదకు పెత్తనము సైతము ఒక వితంతువు చేతికి వచ్చినది. అయినను ఆ మాట వినుటకు ముందు మనము ఎంత రక్తము చూడవలసివచ్చినదో! నరకుట తప్పని చెప్పుటకును నరకుటయే చూపవలెనా?

ఇకముందు ఏ దర్శకుడైనను సీమకథ తలపెట్టినచో, డోన్–నంద్యాల రైలుమార్గమున మా యూర దిగి, నాపరాళ్ళు తీయు గనులవద్ద ఒక ఉదయము గడపవలెనని కోరుచున్నాము. రాతిదుమ్ము మీసాలకు పట్టిన కూలీలు అచ్చట కనబడుదురు. వారిలో ననేకులు ఆదివారము సాయంకాలము బొమ్మకు పోవువారే.