గట్లమీది చెట్లు, గాలిలోని పుప్పొడి

మాఘమాసము ప్రవేశించినది మొదలు మన దామరచర్ల ప్రాంతపు గ్రామములలో తుమ్ములు, ముక్కు కారుట, కన్నుల దురద, రాత్రులందు ఆయాసము మున్నగు బాధలు కొన్ని కుటుంబములందు ఏటేట కనబడుచుండును. ఇవి గాలిలో తేలు చెట్ల పుప్పొడివలన కలుగునని పలువురు సభ్యులు వినియున్నారు. వినుట మంచిదే. కాని విన్న వెంటనే కాలువగట్లమీదను, బాటల ప్రక్కలను గల చెట్లనెల్ల నరికింపవలెనని సంఘమునకు సలహా చెప్పుట మాకు సమ్మతము కాదు. ఏ చెట్టు ఏ ఋతువున, ఎట్టి గాలికి, ఎంత దూరము పుప్పొడిని పంపునో విచారింపక గొడ్డలి నెత్తినచో నీడ పోవును, గట్టు కోసుకొనిపోవును. ఆయాసము మాత్రము నిలిచియే యుండును.

మామిడి, చింత, కానుగ, వేప మొదలగువాని పుప్పొడి జిగురుగానుండి ఈగలకును తేనెటీగలకును అంటుకొని పోవును. దానిలో గాలికెక్కునది స్వల్పము. గాలినే నమ్ముకొన్న చెట్ల సంగతి వేరు. వాని పూవులకు రంగు లేదు, వాసన లేదు. పుప్పొడి మాత్రము పొడిగా, తేలికగా, లెక్కకు మిక్కిలిగా నుండును. ఒక్కొక్క రేణువు సుమారు మిల్లీమీటరులో 40వ వంతు. నెమలినార చెట్టు ఆకు రాల్చి మోడుగానున్న దినములలోనే సన్నని పూవులు పూచును. దాని రెక్కల విత్తనములు ఎగిరివచ్చి వాకిట పడుటను అందరు చూతురుగాని, ఆ పూవులను చూచినవారు అరుదు. ఈతలో పోతుచెట్టు వేరు, కాయచెట్టు వేరు అని గీతపనివారికి మేము చెప్పనక్కరలేదు. పోతు ఈత పూగెలను తట్టినప్పుడు పొగవలె లేచునది ఈ పుప్పొడియే. ఆముదము వృక్షజాతి కాకున్నను ఇక్కడ చెప్పదగినది. నల్లగొండ జిల్లా మెట్టపొలములందు అది ఒకప్పుడు ప్రధానమైన పైరు. దాని మగపూవులు ఎండకు ఆరి చిట్లి పుప్పొడిని ఎగజిమ్మును. 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప మన వైపున వరి హెచ్చి ఆముదము తగ్గినది. సర్కారు తుమ్మ ముఖ్యముగా కీటకముల నాశ్రయించునదే యైనను, దాని పుప్పొడియు గాలిలో దొరకుచున్నది. ఉబ్బసముగలవారిలో కొందరికి అది పడదు. ఇన్ని యుండగా, పెరటిలో ఘుమఘుమలాడు పూలమొక్కను పెరికివైచి రోగమును వెడలగొట్టితిమని తృప్తిపడువారిని మేమెరుగుదుము.

ఇక వాతావరణపు పాత్ర. చెట్టు పుప్పొడిని సిద్ధపరచును గాని దానిని పంపునది ఎండయు గాలియు. మంచు తడి యున్నంతవరకు పూవులోని పుప్పొడితిత్తి ముడుచుకొనియుండును. ప్రొద్దెక్కి తడి ఆరగానే అది పగులును. నేల వేడెక్కినకొలది వేడిగాలి పైకి లేచుచు రేణువులను తనతో గొనిపోవును. ఇంగ్లండులోని మాంచెస్టరు నగర వైద్యుడు చార్లెసు బ్లాక్లీ, తానే యీ తుమ్ముల రోగమునకు లోనైనవాడగుటచే, జిగురు పూసిన గాజుపలకలను గాలిపటములకు కట్టి ఎగురవేసి, నేలదగ్గరకంటె పైగాలిలోనే పుప్పొడి హెచ్చుగా చిక్కినదని 1873వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. మన పిల్లలు సంక్రాంతికి ఎగురవేయు గాలిపటములు ఎంతటి శాస్త్రమునకు పనికివచ్చునో చూడుడు! సాయంకాలము గాలి చల్లబడగా పైకెక్కినది తిరిగి దిగివచ్చును. శీతకాలపు రాత్రి గాలి స్తంభించియున్నచో అది నేలనంటియే నిలుచును. కావున ఉబ్బసముగలవారు ఆ దినములలో పొలము కావలికని ఆరుబయట మంచము వేసికొనుట మంచిది కాదు.

పుప్పొడిలో అధికభాగము చెట్టుకు సమీపముననే రాలును. మిగిలినది గాలినిబట్టి పదుల మైళ్లు పోగలదు. ఈ రెండు సంగతులను కలిపి చూచిననే మన కర్తవ్యము తేలును. ఇంటి గుమ్మము ముందరను, బడి ఆవరణములోను ఉన్న నెమలినార చెట్టు బాధకు హేతువు కావచ్చును. అచ్చట విచారించి తీసివేయుట న్యాయమే. కాని కృష్ణ ఆవలి యొడ్డునుండి వచ్చు గాలిని మన గట్టుమీది చెట్టును నరికి ఆపజాలము.

వాన విషయమున జనులలో ఒక భ్రమ కలదు. ముసురు పట్టి గంటల తరబడి కురిసిన వాన గాలిని కడిగివేయుట నిజము. ఉరుములతో వచ్చు తొలివాన అట్టిది కాదు. దాని ముందు విసరు చల్లని ఈదురుగాలి పైనున్న రేణువులను క్రిందికి త్రోయును. తడి తగిలిన రేణువులు ఉబ్బి పగిలి మిక్కిలి సన్నని తునకలగును. ముక్కుననే నిలిచిపోవలసినది అప్పుడు ఊపిరితిత్తులకు దిగును. ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున 2016వ సంవత్సరము నవంబరు 21వ తేదీ సాయంకాలము ఇట్టి గాలివాన తరువాత వేలకొలది జనులు ఊపిరాడక వైద్యశాలల పాలైరి, పదిమంది మరణించిరి. అందు తమకు ఉబ్బసము కలదని అంతకుముందెరుగనివారును అనేకులు బాధపడిరి. అది గడ్డిజాతి పుప్పొడియే గాని చెట్లది కాదు. అయినను కొన్ని చెట్ల రేణువులును తడికి ఇట్లే పగులునని పరిశోధకులు కనుగొనిరి. మృగశిర కార్తె వచ్చిన దినమున చేపమందునకై మన వైపునుండియు ఎందరో హైదరాబాదునకు పోవుదురు. దాని గుణమును వైద్యులు ఒప్పుకొనలేదు. ఆ వాదములోనికి మేము దిగము. ఆ కార్తెకు ముందు రోహిణిలో ఉరుములతో గాలి లేచినప్పుడు ఉబ్బసముగలవారు ఇంటిలోనికి పోయి కిటికీలు మూసికొనవలెనను చిన్నమాటను మాత్రము ఎవరైన వారికి చెప్పినచో మేలు.

కోనోకార్పసు చెట్టు గతి తలచుకొనదగినది. 2015వ సంవత్సరమున ఆరంభమైన హరితహారమున త్వరగా పెరుగునని దానిని బాటలవెంట విరివిగా నాటిరి. పిదప పుప్పొడి చెరుపని తెలంగాణమున నిషేధించిరి. 2023వ సంవత్సరమున గుజరాతు ప్రభుత్వమును నిషేధించినది. నాటునప్పుడు విచారింపక, పీకునప్పుడు తొందరపడుట మనకు అలవాటైనది. ఇకముందైన గట్లకును బాటలకును కానుగ, వేప, చింతవంటి తేనెటీగలు మూగు చెట్లనే కోరుదము. సర్కారు తుమ్మను వంటచెరకునకు ఎట్లును కొట్టుదురు గనుక, అది పూతకు రాకముందే కొట్టుట మేలు.

ప్రతి దగ్గును పుప్పొడికే కట్టిపెట్టరాదు. వరికోత యంత్రము వెనుక లేచు దుమ్ము, ధాన్యపు నూక, తడిసిన గడ్డివాములోని బూజు, కొయ్యకాళ్లు కాల్చిన పొగ ఇవన్నియు ఊపిరికి శత్రువులే, ఇవి మన చేతిలోనివి కూడ. ఎవరికి ఏది పడదో చర్మముపై సూదిమొనతో చేయు పరీక్షవలన వైద్యులు నిర్ణయింపగలరు.

చండీగఢు నగరమువారు ఏ మాసమున ఏ పుప్పొడి గాలిలో నుండునో తెలుపు పట్టికను 2022వ సంవత్సరమున సిద్ధపరచుకొనిరి. మనకట్టిది లేదని చేతులు కట్టుకొని కూర్చుండనేల? సంఘ కార్యాలయమున ఒక పుస్తకము తెరువవలెనని మా ప్రార్థన. నెమలినార, ఈత, సర్కారు తుమ్మ, ఆముదము ఏనాడు పూతకు వచ్చినవి, ఆనాడు గాలి ఏ దిక్కునుండి వీచినది, మంచు కురిసినదా, వాన పడినదా, ఊరిలో ఎందరికి ఆయాసము వచ్చినది అని దినదినము ఒక్క పంక్తి వ్రాసిన చాలును. వాజిలైను పూసిన గాజుపలకను మిద్దెమీద ఒక దినముంచి, ఉన్నత పాఠశాలలోని సూక్ష్మదర్శినితో చూడుమని సైన్సు ఉపాధ్యాయులను వేడవచ్చును. రెండు మూడేండ్ల వ్రాతలు చేతనుండగా సర్వసభ్య సమావేశమున ఏ చెట్టును తీయవలెనో, ఏది నాటవలెనో వాదించుకొందము. అంతవరకు గట్లమీది చెట్ల నరికింపు తీర్మానమును సభ్యులు వాయిదా వేయవలెనని కోరుచున్నాము. పుస్తకము వ్రాయుటకు ఇష్టపడు యువకులు గ్రామమునకు ఒక్కరైనను తమ పేరు కార్యాలయమున ఈయగలరు.