ఒకే ఊటలో రెండు నీళ్లా?



మా సంఘపు కుర్రవాడొకడు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లి సెయింట్ లూయిస్ నగరంలో ఉంటున్నాడు. సండే స్కూల్లో నా ముందు కూర్చుని వాక్యాలు కంఠతా పట్టిన పిల్లవాడు. పోయిన నెల వాట్సాప్‌లో ఒక మాట పంపాడు. "అయ్యగారూ, ఇక్కడ నెల్లీ అని ఒక ర్యాపర్ ఉన్నాడు. ఈ ఊళ్లో పెరిగినవాడని అందరికీ గర్వం. తన హిట్ పాటలనే మళ్లీ కొత్తగా చేసిన ఆల్బం ఒకటి ఉంది. నా రూమ్మేట్ కారెక్కితే అదే పెడతాడు. వింటే తప్పా?"

ఇలాంటి ప్రశ్నలకు పాస్టర్ల దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది. "లోక సంబంధమైన పాటలు మనకెందుకు నాయనా." నేనూ ఎన్నోసార్లు ఇదే చెప్పాను. ఈసారి చెప్పబోయి ఆగాను. కుర్రవాడు అడిగింది నిజాయితీగా. కనీసం అదేమిటో తెలుసుకుని చెబుదామనుకున్నాను. ర్యాప్ వేగానికి నా ఇంగ్లీషు చాలదు. వాడి చేతనే మాటలు విడమరిచి చెప్పించుకున్నాను, మిగిలింది చదివి తెలుసుకున్నాను.

నెల్లీ మొదటి ఆల్బం 'కంట్రీ గ్రామర్' 2000లో వచ్చింది. అమెరికాలో దానికి కోటి ప్రతుల గుర్తింపు వచ్చిందంటే ఎంతమంది విన్నారో ఊహించుకోండి. 2002లో 'నెల్లీవిల్'. తన ఊరి యాసను దాచుకోలేదు, పాటల పేర్లలో అక్షరాలు కూడా ఆ యాస పలికినట్టే రాయించాడు. ఇది నాకు నచ్చింది. మా ప్రకాశం యాసలో ప్రసంగిస్తే నవ్వే సభల్లో నేనూ నిలబడ్డాను మరి.

ఇంకో సంగతి. 'కంట్రీ గ్రామర్' పాట పల్లవికి మూలం చిన్నపిల్లల ఆటపాట. మన ఆడపిల్లలు ఎదురెదురుగా నిలబడి చెమ్మచెక్క ఆడినట్టు, అక్కడి పిల్లలు చప్పట్లు కొడుతూ పాడుకునేది. దాన్ని తీసుకుని తన పాటగా మలిచాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

2003 నవంబరులో వచ్చింది కుర్రవాడు అడిగిన ఆల్బం, 'డా డెర్టీ వెర్షన్స్'. మొదటి రెండు ఆల్బంలలోని పాటలే ఎక్కువ, కొత్త బీటు, కొత్త గొంతులు. పాత సరుకుకే కొత్త సంచి అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. నేను అలా అనను. రీమిక్స్ అనే పనిలో పాపమేమీ లేదు.

నమ్మకపోతే బైబిలు తెరిచి 108వ కీర్తన చదవండి. పక్కన 57, 60 కీర్తనలు పెట్టుకోండి. 108లో మొదటి అయిదు వచనాలు 57వ కీర్తన చివరి భాగం. ఆరు నుంచి చివరి వరకు 60వ కీర్తనలోని రెండో భాగం. రెండు పాత పాటలను కలిపి మూడో పాట చేశారు! ఇప్పుడు ఏమి తీసుకున్నారో, ఏమి వదిలారో చూడండి. 57వ కీర్తన మొదట్లో సౌలుకు భయపడి గుహలో దాక్కున్న మనిషి మొర ఉంది. అది వదిలేశారు. 60వ కీర్తన మొదట్లో దేవుడు మమ్మల్ని విడిచిపెట్టాడన్న ఏడుపు ఉంది. అదీ వదిలేశారు. గుహలోంచి లేచిన స్తుతిని, ఓటమి తర్వాత కలిగిన నమ్మకాన్ని తీసి కలిపారు. ఏడుపు అబద్ధమని కాదు, అది దాని చోట దాని కీర్తనలో అలాగే ఉంది. కానీ రెండోసారి పాడేటప్పుడు ఏది ముందుకు తీసుకురావాలో ఎవరో ఆలోచించారు.

రీమిక్స్‌లో నాకు కనబడేది ఇదే. మొదటి పాట పాడినప్పుడు మనిషికి ఆకలి ఉంటుంది, తొందర ఉంటుంది, పేరు రావాలన్న తపన ఉంటుంది. చాలా మాటలు అలా దొర్లిపోతాయి. రెండోసారి అవేమీ ఉండవు. డబ్బు వచ్చేసింది, పేరు వచ్చేసింది, వినేవాళ్లు కాచుకుని ఉన్నారు. అప్పుడు తన పాటకు ఏమి చేర్చుతాడో అదే ఆ మనిషి మనసులో ఉన్నది.

నెల్లీ ఏమి చేర్చాడు? మొదటి ఆల్బంలో 'ఈ.ఐ.' అనే పాట ఉంది. దాన్ని ఈ ఆల్బంలో 'టిప్ డ్రిల్' అనే రీమిక్స్ చేశాడు. ఆ పేరుకు అర్థం నేను ఇక్కడ రాయను, స్త్రీని చులకన చేసే మాట అని తెలిస్తే చాలు. దాని వీడియోను అర్ధరాత్రి దాటాక వచ్చే కార్యక్రమంలో మాత్రమే చూపించారు. అందులో ఒకచోట, దుకాణంలో బిల్లు కట్టేటప్పుడు మెషీన్‌లో కార్డు గీస్తామే, అలా ఒక స్త్రీ శరీరం మీద కార్డు గీస్తాడు.

ఇక అసలు కథ. నెల్లీకి జాకీ అని ఒక సోదరి. ఆమెకు లుకేమియా, అంటే రక్త క్యాన్సరు. ఎముక మజ్జ మార్పిడి చేయాలి, దానికి సరిపోయే దాత కావాలి. ఒకే తల్లిదండ్రుల బిడ్డల మధ్య కూడా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. బయటి దాతల్లో అయితే ఒకే జాతి మూలాలున్న వాళ్లలో దొరికే అవకాశం ఎక్కువ. నల్లజాతివారిలో దాతలుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లు చాలా తక్కువ. అందుకని 2003లో తన సోదరి పేరున 'జెస్ అస్ ఫర్ జాకీ' అనే ఉద్యమం మొదలుపెట్టాడు. మనవాళ్లమే జాకీ కోసం, అని భావం. ఇంగ్లీషులో ఆ మొదటి రెండు మాటలు కలిపి చదివితే యేసు పేరే వస్తుంది. చదువుతూ అక్కడ కాసేపు ఆగిపోయాను.

2004 ఏప్రిల్‌లో అట్లాంటాలోని స్పెల్మన్ కాలేజీలో దాతల నమోదు పెట్టాలనుకున్నారు. నల్లజాతి యువతుల కాలేజీ అది. దాని పుట్టుక మన చదువరులు తెలుసుకోవాలి. 1881లో ఇద్దరు బాప్తిస్టు స్త్రీలు, సోఫియా పాకార్డ్, హారియెట్ గైల్స్, ఫ్రెండ్‌షిప్ బాప్తిస్టు సంఘపు నేలమాళిగలో పదకొండుమంది విద్యార్థినులతో మొదలుపెట్టారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అంతకుముందు బానిసలుగా బతికిన స్త్రీలు. బైబిలు తమ కళ్లతో తాము చదువుకోవాలని వచ్చారు. దానికి మూడేళ్ల ముందు, 1878లో, ఇక్కడ గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజున ఇక్కడ ఉన్న క్లౌ దొరగారిని పంపినవాళ్లూ అమెరికా బాప్తిస్టులే. అక్కడ సంతలో వెల కట్టబడినవాళ్లు, ఇక్కడ ఊరి బయట ఉంచబడినవాళ్లు. మన అమ్మమ్మలు అక్షరం దిద్దుకున్న పలక లాంటిదే అక్కడా ఉందని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఆ కాలేజీ ఆడపిల్లలు వీడియో చూశారు. నమోదు వద్దనలేదు వాళ్లు. రండి, కానీ వచ్చినప్పుడు ఈ వీడియో గురించి మాతో కూర్చుని మాట్లాడండి, లేకపోతే నిరసన తెలుపుతాం అన్నారు. నెల్లీ సంస్థ వాళ్లు ఆ కార్యక్రమాన్నే రద్దు చేసుకున్నారు. 2005 మార్చిలో జాకీ చనిపోయింది. చాలా ఏళ్ల తర్వాత కూడా నెల్లీ ఆ పిల్లల మీద కోపంతోనే మాట్లాడాడు. నా అవకాశాన్ని లాగేసుకున్నారు అన్నది అతని బాధ.

ఆ బాధను నేను తేలిక చేయను. తోబుట్టువు మంచం పట్టి ఉన్న ఇంట్లో ఎవరు ఏ ప్రశ్న అడిగినా రాయి విసిరినట్టే ఉంటుంది. నా సంఘంలో అలాంటి ఇళ్లకు వెళ్లి కూర్చున్నాను, నాకు తెలుసు. ఈ సమయంలో పాట గురించి గొడవేమిటి, ప్రాణం ముఖ్యం కదా అని అడిగేవాళ్లకు కూడా న్యాయం ఉంది.

కానీ ఒక్కటి ఆలోచించండి. తన సోదరి శరీరానికి ప్రాణం పోయడానికి అతను ఎవరిని అడుగుతున్నాడు? నల్లజాతి ఆడపిల్లలను. మీ ఎముకలో మజ్జ ఇవ్వండి అని అడుగుతున్నాడు. అదే సంవత్సరపు పాటలో అలాంటి ఆడపిల్ల శరీరం మీదే కార్డు గీశాడు. రెండూ ఒకే శరీరం కదా! ఆ పిల్లలు అడిగింది అదే. వాళ్లు ఎవరనుకున్నారు? చప్పట్లు కొడుతూ ఆ ఆటపాట పాడుకుని పెరిగిన పిల్లలు. అతని మొదటి హిట్టుకు బాణీ వాళ్ల ఆటలోదే.

ఆ వీడియోలో చేసినవాళ్లు ఇష్టపడే వచ్చారు, డబ్బు తీసుకున్నారు అని ఒక వాదన. ఇష్టపడి వచ్చిందన్నంత మాత్రాన ఆమె మీద కార్డు గీసిన చేతికి లెక్క లేకుండా పోదు. యాకోబు పత్రిక మూడో అధ్యాయంలో ఊటను గురించి, నాలుకను గురించి రాసినది అందరం ప్రసంగాల్లో వాడతాం. దేవుని స్తుతించే నోటితోనే, దేవుని పోలికలో పుట్టిన మనిషిని శపించడం అక్కడి సమస్య. నీళ్లు బాగాలేవని చెప్పినవాళ్లను ఊటకు శత్రువులని యాకోబు అనలేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ పిల్లలు అడగడం సరైనదే. అతను రావలసింది. ఒక గంట కూర్చుని, నాకు జవాబు తెలియదు అని చెప్పినా సరిపోయేది. బల్ల పక్కనే ఉండేది, నమోదు కాగితాలు పక్కనే ఉండేవి.

ఇంతవరకు రాసి కలం మూస్తే నాకు సుఖంగానే ఉండేది. అమెరికా ర్యాపర్‌ను అనడానికి ప్రకాశం జిల్లా పాస్టరుకు ఖర్చేముంది? అందుకే ఇంకొకటి రాయాలి.

మా మందిరం స్లాబుకు సిమెంటు, ఇనుము ఇచ్చిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. రెండేళ్ల క్రితం వాళ్ల అబ్బాయి పెళ్లి. పగలు మందిరంలో నేనే జరిగించాను. రాత్రి ఇంటి ముందు స్టేజీ కట్టి రికార్డింగ్ డ్యాన్సు పెట్టారు. డీజే మొదట మన క్రిస్మస్ పాట వేశాడు, పెళ్లికొడుకు పెళ్లికూతురు నడిచి వచ్చారు. బీటు ఆపకుండా అదే ఊపులో ఐటెం సాంగులోకి దింపాడు. ఎవరి ఊరి నుంచో తెచ్చిన అమ్మాయి స్టేజీ ఎక్కింది. కుర్రాళ్లు పదులు, ఇరవైలు ఆమె బట్టల్లో దోపుతున్నారు. నేను ముందు వరస కుర్చీలో ఉన్నాను. భోజనం అయ్యేదాకా కూర్చుని, దణ్ణం పెట్టి వచ్చేశాను.

తర్వాతి ఆదివారం మా సండే స్కూలు పిల్ల, ఇంటర్ చదువుతోంది, అందరూ వెళ్లాక నిలబడింది. "అయ్యగారూ, ఆ అమ్మాయి కూడా ఎవరో ఒకరి కూతురే కదా. మీరు ఆయన్ని ఏమైనా అన్నారా?" అని అడిగింది.

"ఆయన మందిరానికి చాలా చేశారమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఇంకేమీ అనలేదు, చాపలు మడిచి వెళ్లిపోయింది. ఆ ఒక్క వాక్యంతో నేనేమి చెప్పానో స్పెల్మన్ సంగతి చదివే వరకు నాకు తెలియలేదు. సిమెంటు ఇచ్చినవారిని ప్రశ్న అడగకూడదని చెప్పాను. ప్రశ్న అడిగిన పిల్లదే తప్పన్నట్టు చెప్పాను.

సెయింట్ లూయిస్ కుర్రవాడికి ఇలా జవాబు రాశాను. "నాయనా, నీ చెవుల మీద నేను కాపలా పెట్టలేను. 108వ కీర్తన చదువు, ఎక్కడిది ఎక్కడ కలిపారో చూడు. తర్వాత ఆ ఆల్బం విను. 'ఈ.ఐ.' వచ్చినప్పుడు మీ చెల్లెలు వెనక సీట్లో కూర్చుని ఉందనుకో. మీ రూమ్మేట్‌తో కూడా మాట్లాడు, కానీ అతన్ని తిట్టవద్దు. వీలైతే అక్కడ మజ్జ దాతగా పేరు నమోదు చేసుకో. మనవాళ్లలోనూ దాతలు తక్కువే." నిన్న జవాబు వచ్చింది. నమోదు చేసుకున్నాడట. బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి తీసుకున్నారట, ఇంతేనా అనిపించిందట. పాట సంగతి ఏమీ రాయలేదు.

సండే స్కూలు పిల్లకు క్షమాపణ చెప్పాను. వచ్చే ఆదివారం సాయంత్రం ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్తానని కూడా చెప్పాను. నాతో మా అమ్మగారు వస్తానంటోంది. వచ్చే నెలలో ఆయన రెండో అబ్బాయి పెళ్లి. మందిరానికి ముందు వసారా స్లాబు ఇంకా వేయవలసి ఉంది.