ఇరవై మార్కుల హిందీ

పదో తరగతి హిందీలో గట్టెక్కడానికి మన రాష్ట్రంలో 20 మార్కులు చాలు. మిగతా సబ్జెక్టులకు 35 రావాలి. ఆ ఇరవై తెప్పించడమే పనిగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల హైస్కూళ్లలో హిందీ పండిట్‌గా చేసి రిటైరయ్యాను. లింగాలు, వచనాలు, వ్యతిరేక పదాలు, చివర్లో ఒక సెలవు చీటీ. ఏడాదంతా ఇదే తంతు. సెలవు చీటీని కళ్లు మూసుకుని రాసే పిల్లోడు రైల్లో పక్క సీటాయన ఏ ఊరని హిందీలో అడిగితే కిటికీ వైపు తిరిగిపోతాడు.

ఆ పిల్లోడే సాయంత్రం నంద్యాల సందులో సాయిబుల పిల్లలతో క్రికెట్ ఆడుతూ, అవుటా నాటవుటా అని ఉర్దూలో గొంతు చించుకుంటాడు. మన సీమ ఉర్దూ వేరు, పుస్తకంలో హిందీ వేరు అంటారు. ఒప్పుకుంటాను, లిపే వేరు. కానీ అంకెలు, సర్వనామాలు, రోజూ వాడే క్రియలు చాలావరకు ఒకటే. అంటే పుస్తకం తెరవకముందే వాడికి సగం హిందీ వచ్చు. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పరు. పక్కింటి భాషను భాషగా లెక్కేసే అలవాటు మనకు లేదు.

నేను దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి పైకొచ్చినదాన్ని. 1918లో గాంధీజీ పూనికతో మద్రాసులో పుట్టిన సభ అది. ప్రాథమిక నుంచి ప్రవీణ దాకా ఆ మెట్లెక్కి వేలమంది తెలుగు ఆడపిల్లలు పంతులమ్మలయ్యారు. ఆ పరీక్షలు నాకు ప్రేమ్‌చంద్‌నిచ్చాయి, తులసీదాసునిచ్చాయి, నెల జీతమిచ్చాయి. నోరు తిరిగింది మాత్రం మా వీధిలో బట్టలు కుట్టే ఖాలా దగ్గర. జాకెట్టు చేతులు ఎంత పొడుగుండాలి, మెడ ఎంత దించాలి, పండగలోపల ఇస్తావా ఇయ్యవా అని ఆమెతో వాదులాడుతుంటే వచ్చింది. నా పుస్తకాల హిందీ విని పడీపడీ నవ్వేది, నవ్వుతూనే దిద్దేది. అంత ఓపిక ఏ పరీక్షకుడికి ఉంటుంది?

ఇంకా బాగా చూడాలంటే దిగువ అహోబిలం వెళ్లండి. ఆళ్వారు పాడిన దివ్యదేశం, పైగా అహోబిల మఠం పుట్టిన చోటు. తమిళ భక్తులు బస్సులు కట్టుకుని వస్తారు. గుడి ముందు టెంకాయలమ్మే ఒకామె తమిళం వినడానికి నేను పనిగట్టుకుని నిలబడ్డాను. "వాంగ పాటీ, సెరుప్పు ఇంగే వైయుంగ" అంటూ పిలుస్తుంది. రండి అవ్వా, చెప్పులు ఇక్కడ పెట్టండి, చిల్లర లేదు, ఎగువకు బస్సు అక్కడ ఆగుతుంది, మీది ఏ ఊరు? ఉన్నవి కొన్ని వాక్యాలే. ఒక్కటీ ఖాళీగా ఉండదు, ప్రతిదీ ఆమెకు నాలుగు రూపాయలు తెచ్చేదే. ఆ రోజు యాభై అనబోయి "ఎంబదు" అంది. తమిళంలో అది ఎనభై. పాటీ గుడ్లురిమి, తర్వాత నవ్వి, "అంబదా?" అని సరిచేసింది. ఈమె సిగ్గుపడలేదు. వెనకాలే వచ్చిన ఇంకొకరికి "అంబదు" అని గట్టిగా చెప్పింది, మళ్లీ ఇంకొకరికి. నా సర్వీసులో నేను చూసిన అత్యుత్తమ భాషా పాఠం అదే. తప్పు, దిద్దుబాటు, వెంటనే వాడకం, అన్నీ ఐదు నిమిషాల్లో అయిపోయాయి. మా బళ్లో అయితే తప్పుకు ఎర్ర గీత సోమవారం పడుతుంది, పేపరు శనివారం చేతికొస్తుంది, మార్కు చూసుకుని పిల్లోడు దాన్ని మడిచి పెట్టేస్తాడు.

అయితే ఆ టెంకాయలామె తమిళం గుడి వాకిలి దాటదు. తమిళ పేపరు చేతికిస్తే ఆమెకు అక్షరం తెలియదు. బజారు భాష చాలనుకునేవాళ్లతో అక్కడే నాకు పేచీ. మాట వచ్చాక చదువుకు రావాలి. 1991 నవంబరు ఉప ఎన్నికలో ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో మన నంద్యాల గెలిపించిన పీవీ నరసింహారావు గారు ఆ దారిలో చివరిదాకా వెళ్లిన మనిషి. నిజాం రాజ్యంలో పెరిగారు కాబట్టి ఉర్దూ, మరాఠీ చుట్టూ ఉన్నవే. ఆయన అక్కడ ఆగలేదు. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం'గా తెలుగు చేశారు, విశ్వనాథ 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్'గా హిందీలోకి తీసుకెళ్లారు. అంత లావు పుస్తకాన్ని వాక్యం వాక్యం మోస్తే ఇక ఆ భాషలో తెలియనిదేముంటుంది! స్పానిష్ కూడా పెద్దయ్యాక నేర్చుకున్నారు. వయసు మీరిందనే నా తోటి రిటైర్డ్ మిత్రులు ఇది గమనించాలి.

ఇంగ్లీషుతోనే వస్తుంది చిక్కు. ఉగాదికి శ్రీశైలం నడిచివెళ్లే కన్నడ భక్తులు ఆత్మకూరు దారిలో దొరుకుతారు. ఇంగ్లీషు మాట్లాడే ఖాలా గానీ పాటీ గానీ నంద్యాలలో దొరకరు. అందుకే స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు అన్ని వెలుస్తున్నాయి. ఫోన్లో యాప్‌లూ ఉన్నాయి. బొమ్మ నొక్కితే గంట మోగుతుంది, మార్కులు పడతాయి, నోరు మాత్రం మూసే ఉంటుంది. ఇంట్లో అన్నాచెల్లెళ్లు రాత్రి అన్నాల దగ్గర అరగంట ఇంగ్లీషులోనే పోట్లాడుకోవాలని పెడితే అంతకంటే మేలు. తప్పులు పోతే పోనీ.

సెలవుల్లో పిల్లల్ని ఏదైనా కోచింగులో చేర్చాలనుకునే తల్లిదండ్రులు ఫీజు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి. గంట క్లాసులో మా పిల్లోడు ఎన్ని నిమిషాలు నోరు తెరుస్తాడు? జవాబుగా మెటీరియల్ పుస్తకం చేతిలో పెడితే, డబ్బు జేబులోనే ఉంచుకుని ఇంటికి రండి.