బెంగళూరులో బతుకు

బెంగళూరు బతకడానికి మంచి ఊరేనా అంటే జీతం, ఇంటి అద్దె లెక్కలతోనే తేల్చేస్తున్నాం. నాకు ముందు లాల్‌బాగ్ గుర్తొస్తుంది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట; ఇప్పుడు 240 ఎకరాలు. తెల్లవారేసరికి కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ మీద తెలుగు, కన్నడ, తమిళం కలగలిపి పెద్దవాళ్ల కబుర్లు. టికెట్ కొంటే చాలు, అంత చెట్టునీడ అందరిదీ!

కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర. వీధి పొడవునా వేరుశనగ కుప్పలు: పచ్చివి, ఉడకబెట్టినవి, వేయించినవి. పొట్లం కట్టే చేతుల్లో మన సీమ రైతులవీ ఉంటాయి.

కానీ 2024 వేసవిలో బోర్లు ఎండి, నీళ్ల ట్యాంకర్ల కోసం వీధులకు వీధులే ఎదురుచూశాయి. కావేరి నీళ్లు సుమారు వంద కిలోమీటర్ల నుంచి పంపులతో ఎత్తి తేవాలి. ఇక్కడి చెరువులనేమో పూడ్చుకున్నాం. అందుకే ఈ సంచికలో సగం పేజీలు చెరువులకే ఇచ్చాం.

- సంపాదకుడు